ముక్కు పోయిన ఐసు ఆపరేటరు

పెళ్ళిచూపులకు బాపట్లలో మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా, తడితడిగా ఉన్నాయి. మా అమ్మ వంటింట్లోకి వచ్చి, "అబ్బాయి ఏడ్చినట్టున్నాడే, ఇష్టం లేకుండా లాక్కొచ్చారేమో" అని గాభరా పడింది. మా నాన్న మెల్లగా ఆరా తీస్తే ఆయన రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ, "ఏడుపు కాదండి, అమ్మోనియా ఘాటు. పొద్దున్నే వాల్వు బిగించి నేరుగా బస్సెక్కానండి" అన్నారు. మా అమ్మ మాత్రం ఆ మాట నమ్మలేదు. పదిమందిలో కళ్ళనీళ్ళు పెట్టుకునే మగాడైతే మెత్తనివాడే అయివుంటాడని ఆ క్షణమే సంబంధం ఖాయం చేసుకుంది.

ఆయన పేరు గోపాలకృష్ణ. ఆయన పోయి ఇది మూడో ఏడు. ఏడుస్తూ తలుచుకుంటే ఆయనకు నచ్చదు. నవ్వుకున్న సంగతే రాస్తాను.

వాళ్ళది తెనాలి పక్కన నందివెలుగు. పదో తరగతి తప్పాక పొలం పనికి పొమ్మంటే, ఎండ పడదని తెనాలిలో ఐసు ఫ్యాక్టరీలో చేరారు. అక్కడ జ్ఞానానందంగారనే పెద్ద ఫిట్టరు దగ్గర పని నేర్చుకున్నారు. ఐసు ఫ్యాక్టరీలో పెద్ద ఉప్పునీళ్ళ తొట్టి ఉంటుంది. మంచినీళ్ళు పోసిన పొడుగు డబ్బాలు అందులో దించితే అవి దిమ్మలుగా గడ్డకడతాయి. ఆ ఉప్పునీళ్ళను అంత చల్లగా చేసేది అమ్మోనియా. పనివాళ్ళు దాన్ని గ్యాసు అంటారు. గొట్టాల్లో తిరిగినంతసేపూ దానంత బుద్ధిమంతురాలు లేదు. ఏ సందులోంచైనా బయటికొచ్చిందా, తడి ఎక్కడుంటే అక్కడికి పోతుంది. కళ్ళు, గొంతు, చెమట పట్టిన చంకలు, అన్నీ మంటలెత్తిస్తుంది. ఎక్కువ పీలిస్తే ఊపిరితిత్తులు కాలిపోతాయి.

"ఒరే గోపాలకృష్ణా, ఈ గ్యాసు దొంగచాటుగా రాదురా. ముందు ముక్కుకి కబురు పెట్టి మరీ వస్తుంది. ముక్కు మాట విన్నవాడికి ఏం కాదు" అని జ్ఞానానందంగారు మొదటిరోజే చెప్పారట. ఆ మాట మా ఆయన మంత్రంలా పట్టుకున్నారు.

మా పెళ్ళయిన కొత్తలోనే రేపల్లెలో చెంచురామయ్యగారు ఐసు ఫ్యాక్టరీ పెట్టి, ఈయన్ని ఆపరేటరుగా పిలిపించుకున్నారు. నిజాంపట్నం చేపలకూ, పెనుమూడి రేవు దాటి వెళ్ళే సరుక్కీ ఇక్కడి ఐసే. రాను రాను రొయ్యల చెరువులు ఎక్కువై, ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని ఒక షెడ్డు వేశారు. అందులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని రొయ్యలు ఏరి, ఐసు పరిచి పెట్టెలకెత్తేవాళ్ళు.

ఫ్యాక్టరీలో ఆయన ముక్కుకి ఎంత పేరో మా వీధిలో అంతకన్నా ఎక్కువ పేరు. ఎవరింట్లో నెయ్యి కొనాలన్నా ఈయన్ని పిలవాల్సిందే. చిటికెడు నెయ్యి అరచేతి వెనక రాసి, వేడెక్కేదాకా రుద్ది, కళ్ళు మూసుకుని వాసన చూసేవారు. "మొన్నటి వెన్న కాదండి ఇది, వారం నాటిది" అనేవారు. అమ్మేవాడు నీళ్ళు నమిలేవాడు. మా పక్కింటి సుబ్బరత్నమ్మగారైతే, "మా అల్లుడి ముక్కు ఉండగా మాకు కల్తీ బెంగ లేదు" అని అందరికీ చెప్పుకునేది. వరస లేకపోయినా ఆయన్ని అల్లుడనే పిలిచేది.

తొంభై నాలుగులో అనుకుంటాను, శ్రావణమాసం. పూజలకు బూరెలు వండుకోవాలి, నెయ్యి కావాలి. వేమూరు నుంచి కొత్తగా ఒకతను క్యాను పట్టుకుని వచ్చాడు. ఈయన ఫ్యాక్టరీకి బయలుదేరుతున్నారు. గడప దగ్గరే చేయి చాపారు, రాశారు, రుద్దారు, వాసన చూశారు. "భేషుగ్గా ఉంది, తీసుకోండి" అన్నారు. వీధి వీధంతా గిన్నెలు పట్టుకొచ్చి పోయించుకున్నారు. ఆయన చెప్పాక ఇంకొకళ్ళు వాసన చూడటం మర్యాద కాదు కదా.

మధ్యాహ్నం ఆ నెయ్యి కాచారు. ఇక చూడాలి మా వీధి! ఒక్కో ఇంట్లోంచి ఒక్కో మనిషి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికొచ్చారు. తోలు తడిసి మురిగితే ఎలా ఉంటుందో అలా ఉంది. సాయంత్రం ఈయన సైకిలు దిగీ దిగకముందే సుబ్బరత్నమ్మగారు గిన్నెతో ఎదురొచ్చింది.

"ఏమయ్యా అల్లుడూ! ఇదేంటి? నెయ్యా, చెప్పులు కుట్టేవాడి కుండా?"

"జలుబు చేసిందండి అత్తయ్యా, కనిపెట్టలేకపోయాను."

"జలుబు చేసినవాడివి భేషుగ్గా ఉందని ఎందుకన్నావయ్యా? దేవుడి ముందు దీపం పెడితే ఆ వరలక్ష్మీదేవి లేచి మీ ఇంటికే వస్తుంది, తగువుకి!"

వీధంతా నవ్వు. ఆయనా నవ్వారు. కానీ ఆయనకు జలుబు లేదని నాకు తెలుసు. రాత్రంతా హాయిగా గురక పెట్టిన మనిషికి జలుబేంటి?

మర్నాడు పాలు పొయ్యి మీద పెట్టి, నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఆయన పొయ్యికి జానెడు దూరంలో పీట మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మాడు వాసన నాకు పెరట్లోకి వచ్చింది. లోపలికి పరుగెత్తి చూస్తే పాలు అడుగంటి, గిన్నె నల్లబడి పొగలొస్తోంది. ఆయన మాత్రం పేజీ తిప్పుతున్నారు.

గిన్నె దించి ఎదురుగా కూర్చున్నాను. "ఎప్పటినుంచండీ?" అన్నాను.

ఆయన పేపరు మడిచారు. "ఉగాదికే సరిగా లేదు. పచ్చట్లో వేపపువ్వు వాసన రాలేదు. ఇప్పుడు ఏదీ రావడం లేదు."

"మరి ఫ్యాక్టరీలో?"

"కళ్ళు మండితే తెలుస్తుంది."

కళ్ళు మండేదాకా అంటే అప్పటికే ఆలస్యం అయినట్టే. ఆయనకూ తెలుసు. ఆ గోడ అవతల షెడ్డులో అంతమంది ఆడవాళ్ళు కూర్చునుంటారు. చెంచురామయ్యగారికి చెబితే వేరే ఆపరేటరుని పెట్టుకుంటారు. ఈయనకు ఇంకో పని రాదు. చెప్పకపోతే ఏదో ఒకరోజు గ్యాసు పంపే కబురు అందుకునేవాళ్ళు ఉండరు.

పాసింజరెక్కి తెనాలి వెళ్ళి చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించుకున్నాం. డాక్టరు లైటు వేసి చూసి, ఏళ్ళ తరబడి ఆ ఘాటులో ఉండి ముక్కులో నరాలు మొద్దుబారిపోయాయన్నాడు. కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఇకనైనా ఆ గాలికి దూరంగా ఉండమన్నాడు. తిరుగు బండిలో ఈయన కిటికీలోంచి చూస్తూ, "ఈ రొయ్యల సీజను కానివ్వవే, నేనే చెప్పేస్తాను" అన్నారు. నేను సరేనన్నాను. కానీ ఆయన ఇంటికొచ్చేదాకా రోజూ నాకు గుమ్మంలోనే పని ఉండేది.

సీజను అవ్వలేదు. దసరా వెళ్ళిన కొద్దిరోజులకే జరిగింది. ఇక్కడినుంచి చెప్పేది కొంత ఆయన చెప్పిందీ, కొంత షెడ్డులో పెద్దదైన వరమ్మ చెప్పిందీ. ఇద్దరూ చెప్పినప్పుడల్లా కొంచెం పెంచేవాళ్ళు. నేను తగ్గించే రాస్తున్నాను.

పదిగంటల వేళ. మద్రాసు లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. మా ఆయన గ్యాసుని గొట్టాల్లో తిప్పే కంప్రెసరు మిషను పక్కన ఉన్నారు. వరమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తలుపు దగ్గరకు వచ్చింది.

"ఆపరేటరన్నా, గ్యాసు కొడతంది."

"ఎక్కడమ్మా? నాకేం రావట్లేదే."

"నీకు రాకపోవడమేంటన్నా! అక్కడ మా ముక్కులు ఊడిపోతంటే."

"అది రొయ్యల కంపమ్మా. వెళ్ళి పని చూసుకో."

"రొయ్యల కంపు నాకు చెప్తన్నావా? బుద్ధెరిగిన కాడ్నించి అందులోనే ఉన్నా. మా ఇంట్లో సెంటు అదే!"

ఆమె కదల్లేదు. "ఆ రొయ్యల కంపు అన్న మాట నా నోట్లోంచి వచ్చాక, నాకే అసహ్యం వేసింది" అని తర్వాత నాతో అన్నారు. ఇంతలో గోడ అవతల లక్ష్మి అనే పిల్ల గుక్కతిప్పుకోకుండా దగ్గడం వినిపించింది. ఆ పిల్లకు అప్పుడు అయిదో నెల. దగ్గు వినడానికి ముక్కు అక్కర్లేదు. ఆయన కంప్రెసరు ఆపేసి, "అందరూ బయటికి పొండి! పెట్టెలొదిలెయ్యండి!" అని అరిచారు.

ఆడవాళ్ళు పరుగు తీశారు. ఎటు? రోజూ పని దిగి ఇంటికి ఎటు పోతారో అటే, స్టేషను రోడ్డుకి. ఈయన బయటికొచ్చి చూస్తే టీ కొట్టు పొయ్యి పొగ కూడా అటే పోతోంది. గాలీ వీళ్ళూ ఒకే దారిన పోతున్నారు.

"అటు కాదమ్మా! గాలి మీ వెనకాలే వస్తోంది! పక్కకి, చేలల్లోకి పొండి!"

"చేలల్లో మోకాలు లోతు బురదన్నా!"

"బురద కడుక్కోవచ్చు, ఊపిరితిత్తులు కడుక్కోలేం! దిగండి!"

అందరూ రోడ్డు దిగి వరిచేలో పడ్డారు. వరమ్మ చెప్పు ఒకటి ఆ చేలోనే ఉండిపోయింది. కోతలప్పుడు దొరికితే ఇవ్వమని ఆ రైతుకి చెప్పి పెట్టింది కూడా.

అటు చెంచురామయ్యగారు ఆఫీసు గదిలోంచి వచ్చి చూసేసరికి, గోడవారన వాల్వు దగ్గర తెల్లగా పొగమంచులా కారుతోంది. ఆయనకేం తోచక, నిప్పంటుకున్నప్పుడు పరుగెత్తినట్టు బకెట్టు నీళ్ళతో బయలుదేరారు. మా ఆయన అడ్డం పడ్డారు.

"పొయ్యొద్దు బాబాయ్! కింద కారినదాని మీద నీళ్ళు పోస్తే పొంగి ఇంకా పైకి లేస్తుంది! ముందు తాళంచెవి ఇవ్వండి!"

"ఏం తాళంరా?"

"బీరువా తాళం! మాస్కు అందులోనే కదండీ పెట్టారు!"

ఆ మాస్కు కొన్నప్పటినుంచీ బీరువాలోనే ఉంది. బయట పెడితే దుమ్ము పడుతుందని, ఎవరైనా ఎత్తుకుపోతారని చెంచురామయ్యగారి భయం. తాళంచెవి ఆయన మొలతాడుకి ఉండేది. పంచె బిగింపు, దానిమీద బెల్టు. ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో పంచె. చివరికి మా ఆయనే ఆ ముడి విప్పి తాళంచెవి లాక్కున్నారు. ఆ కాసేపూ యజమాని పంచె ఎవరు పట్టుకున్నారన్నది మాత్రం ఇద్దరూ చెప్పలేదు.

మాస్కు మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. చింపి తగిలించుకుని, గాలి వస్తున్న వైపునుంచి లోపలికి వెళ్ళి, గ్యాసు వచ్చే పెద్ద వాల్వు కట్టేశారు. తలుపులూ కిటికీలూ తెరిచి, ఘాటు పోయేదాకా ఎవర్నీ దగ్గరకు రానివ్వలేదు. లక్ష్మిని పంపు దగ్గర కూర్చోబెట్టి, కళ్ళు తెరిచి పట్టుకోమని వరమ్మకు చెప్పి, చాలాసేపు నీళ్ళు కొట్టించారు. సాయంత్రం డాక్టరుకి చూపిస్తే తల్లికీ బిడ్డకీ ఏం భయం లేదన్నాడు.

అంతా సద్దుమణిగాక ఆడవాళ్ళు కాళ్ళకు బురదతో ఆవరణలో చేరారు. ప్రాణం కుదుటపడిందేమో, వరమ్మకు నోరు లేచింది.

"ఏంటన్నా, ఇయ్యాళ ముక్కు ఇంటికాడ మర్చిపోయి వచ్చావా? వదినమ్మ చిలక్కొయ్యకి తగిలించిందా?"

అందరూ గొల్లున నవ్వారు. ఆయన కూడా నవ్వేసి ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. మాస్కు చేతిలో పట్టుకుని, "ఇంట్లో లేదమ్మా. ఉగాది నుంచీ నాకు వాసన తెలియట్లేదు. మీరు చెప్పినా నమ్మనట్టు మాట్లాడాను. తప్పు నాది" అన్నారు.

నవ్వు ఆగిపోయింది. చెంచురామయ్యగారు మాత్రం, "ఏంట్రా? ముక్కు లేకుండా ఇన్నాళ్ళూ నా ఫ్యాక్టరీ నడిపావా? రేపటినుంచి రావద్దు!" అని కేకేశారు.

మధ్యాహ్నానికే ఆయన ఇంటికొచ్చేశారు. "చెప్పేశాను. పని పోయింది" అన్నారు. కంచం పెట్టాను. ఎన్ని నెలల తర్వాతో మారు అడిగి వడ్డించుకున్నారు. "ఎలా ఉందండీ?" అన్నాను. "గుండెల మీంచి ఐసు దిమ్మ దించినట్టుందే" అన్నారు. నాకూ అలాగే ఉంది. రేపు ఏం తింటామన్న బెంగ సాయంత్రానికి గాని రాలేదు.

చెంచురామయ్యగారు మర్నాడు పొద్దున్నే పాసింజరెక్కి తెనాలి వెళ్ళారు, కొత్త ఆపరేటరు కోసం. జ్ఞానానందంగారు అప్పటికి పని మానేసి ఇంట్లోనే ఉంటున్నారు. చెంచురామయ్యగారు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని సంగతంతా చెప్పి, "ముక్కు బాగా పనిచేసేవాడిని చూడండి, ఎంతైనా ఇస్తాను" అన్నారట. జ్ఞానానందంగారు పడీ పడీ నవ్వారట.

"నా ముక్కు పోయి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదండి. మా ఆవిడ కోడికూర వండితే చప్పుడు విని తెలుసుకుంటా."

"మరి ఎవరికీ చెప్పలేదేంటండి?"

"చెప్తే పని ఉంటదా? తెనాల్లో పాత ఆపరేటర్లని అందర్నీ వరసన నిలబెట్టి, కళ్ళకు గంతలు కట్టి, ఒక్కొక్కడి ముందూ ఇంగువ పెట్టండి. సున్నం అంటారు. ముక్కున్నవాడు కావాలంటే నిన్న చేరినవాడిని తీసుకెళ్ళండి. వాడికి ఏ వాల్వు ఎటు తిప్పాలో తెలీదు. అది తెలిసేసరికి వాడి ముక్కూ పోద్ది. మీవాడొక్కడే నోరు విప్పాడు."

ఆ సాయంత్రం చెంచురామయ్యగారు మా ఇంటికొచ్చారు. ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. మంచం వాల్చాను. సుబ్బరత్నమ్మగారు కరివేపాకు అడిగే నెపంతో వచ్చి, అడగడం మర్చిపోయి నిలబడింది.

"పని వచ్చినవాడికి ముక్కు లేదంట, ముక్కున్నవాడికి పని రాదంట. ఏం చెయ్యమంటావురా నన్ను?" అన్నారాయన.

"నా ముక్కు మీద ఫ్యాక్టరీ నడపడం మానేద్దాం బాబాయ్" అన్నారు మా ఆయన. "పొద్దునా సాయంత్రం గంధకం వత్తి వెలిగించి, చేయి చాచి పట్టుకుని, ప్రతి కీలు దగ్గరా తిప్పుతాను. గ్యాసు కారేచోట వత్తి పొగ తెల్లగా చిక్కబడుతుంది. కళ్ళకు కనపడుతుంది, వాసనతో పని లేదు. ఇక ఆ మాస్కు..."

"బీరువా తాళం నీకే ఇస్తాలే."

"తాళమే వద్దండి. బయట గోడకు మేకు కొట్టి తగిలిద్దాం. దుమ్ము పడితే నేను తుడుస్తా. ఇంకొకటి కొనండి, లోపల ఒకడు పడిపోతే రెండోవాడికి కావాలి. కప్పు మీద వెదురు గడకి ఎర్రగుడ్డ కడదాం, గాలెటో అందరికీ కనిపిస్తుంది."

"సరే, సరే. ఇంకేంటి?"

"షెడ్డులో ఎవరు గ్యాసన్నా సరే, మిషను ఆపుతాను. ఎందుకని నన్ను అడక్కూడదు, వాళ్ళనీ అడక్కూడదు."

చెంచురామయ్యగారు మంచం మీంచి లేచారు. "రొయ్యలేరే ఆడవాళ్ళు చెబితే మిషను ఆపాలంటావా? రోజుకోసారి చెప్తారు! ఐసేం తయారవుద్దిరా?"

"అది కుదరకపోతే ఇంకొకర్ని చూసుకోండి బాబాయ్."

ఇంటికి వచ్చి పిలిచిన పనిని మళ్ళీ పోగొట్టుకుంటున్నారు. చెంచురామయ్యగారు నా వైపు చూశారు, సుబ్బరత్నమ్మగారి వైపు చూశారు. ఆమె ఊరుకోలేదు. "ఒప్పుకో అన్నయ్యా. ఒక్క ముక్కుని నమ్ముకుంటే ఏమవుతుందో మా వీధి వీధంతా చూసింది" అంది. ఆయనకేం అర్థమైందో గాని, విసురుగా చెప్పులేసుకుంటూ, "పొద్దున్నే వచ్చి మిషను తిప్పు" అని వెళ్ళిపోయారు.

అలా మళ్ళీ చేరారు. వారం పదిరోజులు అంతా సవ్యంగా నడిచింది. ఒకరోజు లారీ వచ్చి నిలబడింది. డ్రైవరు హారను మీద చెయ్యి తియ్యడం లేదు. చెంచురామయ్యగారు గడియారం చూసుకుంటున్నారు. వరమ్మ షెడ్డులోంచి కేకేసింది. "అన్నా, ఏదో ఘాటు కొడతంది!"

మా ఆయన ఒక్క మాట కూడా అడగకుండా కంప్రెసరు ఆపేశారు. ఆడవాళ్ళు గడ మీది ఎర్రగుడ్డ చూసుకుని, గాలికి అడ్డంగా నడిచి చేలగట్టు ఎక్కారు. ఆయన మాస్కు తగిలించుకుని, వత్తి వెలిగించి కీలు కీలూ తిరిగారు. ఎక్కడా తెల్లపొగ లేదు. ఇంకోసారి తిరిగారు. లేదు. చివరికి షెడ్డు వెనక్కి వెళ్ళి చూస్తే, దిమ్మల మీద పోసే ఊక తోలుకొచ్చిన బండెద్దులు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాయి. వాటి కింద మడుగు కట్టింది.

చెంచురామయ్యగారి ముఖం జేవురించింది. "ఎద్దు ఉచ్చకి మిషను ఆపావా? లారీవాడు నన్ను తిడుతుంటే, ఎద్దు ఉచ్చకా!"

గట్టు మీద వరమ్మ తల దించుకుంది. ఆమె పక్కన ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఈసారి నవ్వాపుకోవడానికి.

మా ఆయన మాస్కు తీసి గోడ మేకుకి తగిలించారు. "ఆపానండి. రేపు చెప్పినా ఆపుతాను" అన్నారు. తర్వాత గట్టు వైపు తిరిగి, "వరమ్మా, తల దించుకోమాక. రేపు కూడా ఇలాగే గట్టిగా పిలువు" అని చెప్పి, లోపలికి వెళ్ళి మిషను తిప్పారు.